మీటరు తిరగని కారు

రాజేశం సేటు కారు కొన్నది తిరగడానికి కాదు. ఈ మాట ముఖం మీద అంటే ఒప్పుకునేవాడు కాదు గానీ, సంగారెడ్డి పాత బజారులో అందరికీ తెలిసిన సంగతే. ఏళ్ల తరబడి పేరు రాయించుకుని కూర్చుంటే డెబ్బై మూడులో చేతికొచ్చిన తెల్ల అంబాసిడర్ అది. దాన్ని నూనె దుకాణం ముందు నిలబెట్టి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూసుకుంటుంటే ఆయనకు కడుపు నిండిపోయేది. తాతల నాటి నూనె వ్యాపారం. ఊళ్లోకి కరెంటు మిల్లులు వచ్చినా, గానుగ నూనె తప్ప ఇంకోటి వాడని పాత గిరాకీ కోసం దుకాణం వెనక దొడ్లో ఒక గానుగ ఇంకా ఆడుతూనే ఉండేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చెయ్యి గట్టిది. గట్టిదంటే పిసినారి అని కాదు. పెట్టేచోట పెడతాడు. దేనికి పెడుతున్నాడో కళ్లకు కనిపించాలి, అంతే.

కంపెనీ సర్వీసులో అది కనిపించలేదు.

కారు అమ్మిన హైదరాబాదు కంపెనీవాళ్లు ఒక కార్డు ఇచ్చారు. మీటరు ఇన్ని వేలు దాటినప్పుడల్లా కారు తెచ్చి సర్వీసు చేయించుకోవాలని దాని సారాంశం. మొదటి రెండుసార్లు ఉచితం. ఆ రెండుసార్లూ రాజేశం మహారాజులా వెళ్లివచ్చాడు. మెత్తటి సోఫా, కప్పూ సాసరూ, టై కట్టుకున్న మనిషి వంగి పెట్టే సలాము. మూడోసారి కూడా అదే సోఫా, అదే చాయ్, అదే సలాము. ఆఖర్న బిల్లు.

బిల్లు చూసి రాజేశం సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"గింతనా? ఏం మార్చిన్రు సారూ?"

"ఇంజనాయిల్ మార్చినం సేట్ సాబ్. గ్రీజు పెట్టినం, ప్లగ్గులు సాఫ్ చేసినం. మొత్తం బండి చెక్ చేసినం."

"చెక్ జేస్తే ఏం దొరికింది?"

"ఏం లేదు. గాడీ ఫస్ట్‌క్లాస్ ఉంది."

"ఏం లేదని చెప్పెతందుకు గిన్ని పైసలా! దొరికితే ఎంత తీస్కుందురో!"

పైసలు కట్టాడు. దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాడు. ఇంటికి వచ్చేసరికి మేడ మీద అద్దెకుండే బాపిరాజు వరండాలో పేపరు చదువుతున్నాడు. బాపిరాజుది భీమవరం పక్కన ఊరు. ఇక్కడి రామచంద్రాపురం దగ్గరి పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డాడు. ఫ్యాక్టరీలో ఆయన పని యంత్రాలు ఆగిపోకుండా చూడటం. అందుకని లోకంలో ఏది నడుస్తూ కనిపించినా ఇది ఎప్పుడు ఆగుతుందా అని అనుమానంగా చూసేవాడు.

"కంపెనీ సర్వీసు మానేశారనుకోండి, రేపు ఏదైనా అయితే కంపెనీవాడు నాకేం సంబంధం అంటాడు రాజేశం గారూ," అన్నాడు పేపరు మడిచి. "మా ఫ్యాక్టరీలో మెషీను ఆగకముందే విప్పేస్తామండి. అదీ పద్ధతి."

"నడిచేదాన్ని విప్పుతే ఆగక ఏం జేస్తది రాజుగారూ?"

"మీకెలా చెప్పాలండీ బాబూ!"

"చెప్పకున్రి. నేను సర్వీసు బంద్ జేస్త అన్ననా? మీటరు గా అంకె మీదికి వస్తే జేయిస్త. కార్డు మీద గట్లనే ఉన్నది కద." రాజేశం కళ్లలో ఒక వెలుగు కనిపించింది. "మరి మీటరు తిరిగితేనే కద అంకె వచ్చేది?"

ఆ రోజు నుంచి మీటరు తిరగడం బంద్.

హైదరాబాదుకు సరుకు కోసం పోవాలంటే ఎర్రబస్సు. జోగిపేటలో చుట్టాల ఇంటికి పోవాలంటే ఎర్రబస్సు. ఆయన భార్య అరుణాదేవి చెల్లెలికి ఒడిబియ్యం పోయడానికి పట్టుచీర కట్టుకుని, సారె బుట్ట నెత్తిన పెట్టించుకుని, తమ కారు పక్కనుంచే నడిచి బస్టాండుకు పోయింది. తిరిగొచ్చాక గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"కండక్టర్ నన్ను గుర్తువట్టిండు. 'సేటమ్మా, కారు ఖరాబైందా?' అని అడిగిండు. ఏం చెప్పాలె? మా ఆయన దాన్ని ఊరికె సూసెతందుకు గొన్నడని చెప్పాల్నా?"

"లేదు, పెండ్లిళ్లకు గొన్నడని చెప్పు."

అది నిజం. మీటరు తిరగకుండా కారు గొప్పతనం చూపించే మార్గం రాజేశానికి ఒకటి దొరికింది. బారాత్. విడిది నుంచి పెండ్లింటికి దూరమెంత? రెండు వాడలు. బ్యాండు ముందు, దాని వెనక ఎగిరేవాళ్లు, వాళ్ల వెనక పూలదండలతో కారు. రెండు వాడలు దాటడానికి రెండు మూడు గంటలు. మీటరు మీద అంకె కొంచెం జరిగీ జరగనట్టు ఉండేది. ఊరంతా చూసేది రాజేశం కారునే. అందులోనూ స్టీరింగు పట్టుకున్నది డ్రైవరు కాదు, స్వయంగా రాజేశం సేటు. పైసా తీసుకునేవాడు కాదు. తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఇచ్చాడు. మాఘమాసం నుంచి సంగారెడ్డిలో ఆ కారు లేకుండా పెళ్లికొడుకు కదిలిందే లేదు. ఒక్క సర్వీసు ఖర్చు కూడా లేకుండా ఇంత పేరు! తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆ మురిపెంలో ఉండగానే మొగులయ్య వచ్చాడు.

మొగులయ్యది కొండాపూర్ దగ్గరి పల్లె. కుసుమలు పండించే రైతు. రాజేశం అతన్ని చూస్తే గల్లాపెట్టె దిగి ఎదురుపోతాడు, మిగతా రైతులకు ఆ మర్యాద లేదు. ఒకప్పుడు దుకాణానికి అగ్గంటుకుని సరుకంతా బూడిదైంది. మిగతా రైతులు పంట ఇంకో దుకాణానికి తోలుకుపోయారు. మొగులయ్య ఒక్కడే బండ్లు తెచ్చి మసిబారిన దొడ్లో కుసుమల బస్తాలు దించి, 'నీ దుకాణం లేచినంక మాట్లాడుకుందాం సేటూ' అని వెళ్లిపోయాడు. దుకాణం ఆ బస్తాల మీదనే లేచింది.

"కొడుకు పెండ్లి కుదిరింది సేటూ," అన్నాడు మొగులయ్య చాయ్ తాగుతూ. "పటాన్‌చెరు సంబంధం. వియ్యంకుడు సాయిలు. ఫ్యాక్టరీ షెడ్లకు భూములు పోయి చేతుల పైసలాడుతున్నయి. మాటలు సుత ఆడుతున్నయి. నలుగురి ముంగట 'పిలగాడు ఎడ్లబండి మీద వస్తడా, బర్రె మీద వస్తడా' అన్నడు. నాకు మండింది. 'కారుల వస్తడు' అన్న."

"మంచిగన్నవ్."

"అననైతే అన్న. కారేడిది?"

"బయట నిలబడ్డది ఏంది మరి? బర్రెనా?"

మొగులయ్య నవ్వాడు. వెంటనే నవ్వు ఆగిపోయింది. "నడిమిట్ల ఆగదు కద సేటూ? పటాన్‌చెరు వాడలల్ల ఆగిందంటే నా కొడుకు ముంగట, నా కోడలు ముంగట నేను ఇగ తలెత్తలేను."

"నా కారు ఆగుడా!" అని రాజేశం గట్టిగా నవ్వాడు. మాట ఇచ్చాడు.

ఆ మరుసటి ఆదివారమే బట్టల వ్యాపారి కొడుకు బారాత్. ఎండ ఇంకా తగ్గలేదు. ఎగిరేవాళ్లు తగ్గేలా లేరు. రాజేశం ఎడమ కాలు క్లచ్ మీద సగం నొక్కి, కుడి కాలితో కొంచెం కొంచెం పెట్రోలు ఇస్తూ, చీమ నడకన తోలుతున్నాడు. ముందు ఏదో కాలిన వాసన వచ్చింది. వెనక సీట్లో పెళ్లికొడుకు మేనత్త, "ఎవరో సాంబ్రాణి ఏసిన్రు," అంది. తర్వాత బానెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. బ్యాండువాళ్లు అది కూడా ఏర్పాటేననుకుని ఇంకా గట్టిగా వాయించారు. ఆ తర్వాత కారు ఒకసారి దగ్గి, కిరాణా దుకాణం ముందు నిలబడిపోయింది. ఎంత రేసిచ్చినా ఇంజను అరుస్తుంది తప్ప చక్రం కదలదు. పెళ్లికొడుకు దిగి, బాసింగం సవరించుకుని, నడిచి పోయాడు. రాజేశం మీద ఎవరూ కోప్పడలేదు. అదే ఇంకా బాధ. కారును నలుగురు తోసుకుంటూ తెచ్చి దుకాణం ముందు వదిలారు.

మర్నాడు పొద్దున్నే రాజేశం దొడ్లో అరుగు మీద కూర్చున్నాడు. మీటరు చూశాడు, కార్డు మీది అంకె ఇంకా చాలా దూరంలో ఉంది. కంపెనీ లెక్క ప్రకారం ఈ కారుకు ఏమీ కాకూడదు. ఎదురుగా ఎద్దు గానుగ చుట్టూ కిర్రుమంటూ తిరుగుతోంది. అరుణాదేవి చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. ఆయన తాగలేదు.

"ఏం సూస్తున్రు గట్ల?"

"గీ ఎద్దు మనింటికొచ్చినకాంచి ఎంత దూరం పోయింది?"

"దొడ్డి దాటలే."

"మరి దాని మెడ మీద గా కాయ ఎట్ల గాసింది?"

అరుణాదేవికి అర్థమవడానికి క్షణం కూడా పట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంటే నేను బస్సులల్ల నిలబడి తిరిగినన్ని దినాలు, మీరు కారును గానుగకు గట్టిన్రన్నట్టు."

రాజేశం లేచి అంగీ తొడుక్కున్నాడు. మొగులయ్య కొడుకు పెళ్లి బేస్తవారం. చేతిలో ఉన్నవి కొద్ది రోజులే. లారీకి తాడు కట్టించుకుని కారును హైదరాబాదు తీసుకుపోయాడు. ఏ బిల్లును తిట్టాడో అదే బిల్లు మళ్లీ కట్టడానికి సిద్ధపడి పోయాడు.

టై కట్టుకున్న మనిషి తల లోపలికి పెట్టి మీటరు చూశాడు.

"సేట్ సాబ్, సర్వీసుకు ఇంకా చానా టైముంది. జల్దీ వచ్చిన్రు."

"మీటరును సూడకు సారూ, బండిని సూడు. గంటలు గంటలు నడిచింది."

"కార్డుల గంటల లెక్క లేదు సాబ్."

"అయితే పెండ్లిళ్ల లెక్క రాస్కో."

"పెండ్లిళ్ల కాలమ్ లేదు," అన్నాడు ఆ మనిషి సీరియస్‌గానే. అయినా మంచివాడు. మెకానిక్‌ను పిలిచి చూపించాడు. క్లచ్ ప్లేటు మాడిపోయింది, రేడియేటరు నిండా తుప్పు. "సేట్ సాబ్, సర్వీసు అంటే ఆయిల్, గ్రీజు, ప్లగ్గులు. మీరు దానికి పైసలు కట్టినా గీ క్లచ్ అందుల రాదు. ఇది అలగ్ పని, దీని బిల్లు వేరే. గేర్‌బాక్సు దించాలె. మా దగ్గర లైనుంది, నెలాఖరుకు ఇస్తం."

"నా పెండ్లి బేస్తారం ఉన్నది!"

ఆ మనిషి రాజేశం నెరిసిన మీసం వైపు చూశాడు. "మీ పెండ్లా?"

"నా కారు పెండ్లి సారూ!"

అంత పరేషాన్‌లోనూ రాజేశానికి ఒకటి తేటపడింది. కారు ఆగింది తను సర్వీసు తప్పించుకున్నందుకు కాదు. కార్డు ప్రకారం చేయించినా ఆగేది. కంపెనీ తనను మోసమూ చెయ్యలేదు. రోడ్డు మీద పోయే బండి కోసం వాళ్లు కార్డు రాశారు. తను దాన్ని బ్యాండు మేళం వెనక నడిపించాడు.

తిరుగు దారిలో పటాన్‌చెరు దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డు ముందు లారీ ఆపించాడు. అది యాదన్న షెడ్డు. లారీలు బాగుచేస్తాడు. నోరు ఎక్కువ, పని ఇంకా ఎక్కువ. అవసరం ఉన్నా లేకపోయినా అన్నీ విప్పుతాడని పేరు. బాపిరాజు ఈ కబురు విని సెలవు పెట్టి మరీ వచ్చి షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

యాదన్న గేర్‌బాక్సు దించి, ప్లేటు బయటికి తీసి రాజేశం చేతిలో పెట్టాడు.

"సేటూ, దీన్ని తోలినవా, ఏంచినవా? అప్పడమైంది సూడు." అంటూనే ఇంజను వైపు పానా పట్టుకుని కదిలాడు. "ఎట్లాగు దించినం, గిది సుత మొత్తం విప్పి సూద్దాం."

బాపిరాజు స్టూలు మీంచి ఎగిరి లేచాడు. "ఏవిటయ్యా విప్పేది? అది బానే ఉంది కదా! బాగున్నదాన్ని ఎందుకు విప్పడం?"

రాజేశం మెల్లగా ఆయన వైపు తిరిగాడు. "ఏమన్నరు రాజుగారూ? జెర మళ్ల అనున్రి."

బాపిరాజు గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఇక్కడ పరిస్థితి వేరండి."

యాదన్న పానా కింద పెట్టాడు. కొత్త ప్లేటు వేశాడు, రేడియేటరు కడిగాడు, ఆయిలు మార్చాడు. కారు మళ్లీ కొత్తదానిలా కదిలింది. ఎక్కబోతున్న రాజేశాన్ని తలుపు దగ్గర ఆపి చెప్పాడు. "ఒక్క మాట ఇను. క్లచ్ మీద సగం కాలు వెట్టి తోలితే గీ కొత్తదాని గతి గంతే. పోవాలె, లేకుంటే ఆపి బంద్ జెయ్యాలె. నడిమిట్ల ఉండొద్దు."

"బారాత్ అంటెనే నడిమిట్ల ఉండుడు గదరా."

"నాకెర్కలే. నేను మెకానిక్‌ను, బ్యాండు మాస్టర్‌ను గాదు."

బేస్తవారం ముహూర్తం పగటిపూట. విడిది నుంచి సాయిలు ఇంటికి మూడు వాడలు దాటాలి. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మొగులయ్య కొడుకు బాసింగం కట్టుకుని వెనక సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. మొగులయ్య కారు పక్కనే చెయ్యి కిటికీ మీద వేసి నడుస్తున్నాడు, పట్టుకోకపోతే కారు ఎక్కడికైనా పోతుందేమో అన్నట్టు. బ్యాండు మోగింది. ఎగరడం మొదలైంది. రాజేశం కాలు అలవాటు కొద్దీ క్లచ్ మీద సగానికి వెళ్లింది. పది అడుగులు పోయేసరికి ఆ పాత వాసన లీలగా ముక్కుకు తగిలింది.

వెంటనే బ్రేకు నొక్కి, తాళం తిప్పి, ఇంజను బంద్ చేశాడు.

బారాత్ ఒక్కసారిగా చల్లబడింది. "ఆగిందిరో!" అని ముందు నుంచి ఎవరో అరిచారు. ఎదురు వచ్చిన సాయిలు తరఫువాళ్లు పకపకా నవ్వారు. మొగులయ్య ముఖం పాలిపోయింది.

"సేటూ..."

రాజేశం తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. దుకాణంలో ఉండి బజారు చివరివాణ్ని పిలిచే ఆ గొంతు విప్పాడు. "ఆగలే! ఆపిన!"

అని ఊరుకుంటే నమ్మేవాళ్లు కాదు. ఎదురుగా ఒక ఇంటి గుమ్మంలో ముత్యమ్మ అనే ముసలామె చూరు పట్టుకుని తొంగిచూస్తోంది. రాజేశం ఆమె వైపు చెయ్యి చాపాడు. "గింత పెద్దమనిషి వాకిట్ల నిలబడితే పిలగాడు సూడకుంట పోతడా? రా పెద్దమ్మా! పిలగాన్ని మంచిగ సూడు. హారతి పట్టు. నువ్వు సూసి పొమ్మన్నంకనే బండి కదుల్తది."

ముత్యమ్మను ఆ వాడలో ఎవరూ అంత మర్యాదగా పిలిచి ఎన్నేళ్లయిందో. గబగబా లోపలికి పోయి పళ్లెంలో కర్పూరం వెలిగించుకొచ్చింది. పెళ్లికొడుకు చెంపలు నిమిరి మెటికలు విరిచింది. బ్యాండువాళ్లకు ఊపొచ్చింది. నిలబడ్డ కారు చుట్టూ ఎగిరేవాళ్లు కడుపునిండా ఎగిరారు. ఇంజను చల్లగా ఊరుకుంది. ముత్యమ్మ "ఇగ పోండ్రి బిడ్డా" అనగానే రాజేశం తాళం తిప్పి, హారను కొట్టి, గేరు వేసి క్లచ్ నిండుగా వదిలాడు. కారు జుయ్యిమని ముందుకు పోయింది. బ్యాండు మాస్టరు ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో క్లారినెట్టు పట్టుకుని పక్కకు గెంతాడు. పెద్ద డోలువాడు కడుపు మీద డోలు ఎగురుతుండగా కారు వెంట ఉరికాడు. పిల్లలూ పెద్దలూ కేరింతలు కొడుతూ వెనక పడ్డారు. తర్వాతి వాడ మొదట్లో కారు మళ్లీ ఆగింది, మళ్లీ బంద్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పటికే ఆ వాడలోని ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. "మా ఇంటి ముంగట ఆపు సేటూ!" "మా అత్త ముసలిది, నడువలేదు, మాకాడ ఆపు!" అని కేకలు. రాజేశం ఎవరి గుమ్మం ముందు ఆపితే వాళ్లు ఆ పూటకు దొరలైనట్టే. ఆపడం, ఎగరడం, హారతి, ఉరకడం. ఎప్పుడూ ఈడ్చుకుంటూ సాగే బారాత్ ఆ రోజు గంతులు వేసుకుంటూ పోయి, ముహూర్తానికి ముందే పందిరి చేరింది. వాసన లేదు, ఆవిరి లేదు. మొగులయ్య ధోవతి అంచంతా దుమ్ము. ఉరికి ఉరికి రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు.

తలంబ్రాలు అయ్యాయి. భోజనాల దగ్గర బాపిరాజు రాజేశం పక్కన కూర్చున్నాడు. పిలవకుండానే కారులో ఎక్కి వచ్చాడు, యంత్రం ఎలా నడుస్తుందో చూడాలట.

"అంతా బానే ఉంది గానీ రాజేశం గారూ, సర్వీసు సంగతి ఏం తేల్చారు? కంపెనీయా, యాదన్నా?"

"ఇద్దరు. చిన్నపని యాదన్నది. యాదన్నతోని గానిది ఉంటే కంపెనీకి పోత, ఇయ్యమన్న పైసలు ఇస్త. కని తారీఖు వాళ్లు జెప్పింది గాదు, మీటరు జెప్పింది గాదు."

"మరెవరు చెబుతారండీ?"

"పంతులు. మూఢం వచ్చిందంటే పెండ్లిళ్లు బంద్. గప్పుడు కారుకు పనేంది? షెడ్డుల పెట్టి ఆయిలు, ప్లేటు, నీళ్లు అన్ని సూపిస్త. మూఢం ఎల్లంగనె బండి తయ్యారుంటది. ఏడాది పొడుగుత ఎప్పుడు జెయ్యాల్నో పంచాంగంల రాసే ఉన్నది."

బాపిరాజు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. తప్పు పట్టడానికి గట్టి ప్రయత్నమే చేశాడు. "మా మేనేజరుతో ఇలా అంటే కొడతాడు," అన్నాడు చివరికి. "కానీ... బానే ఉందండీ."

అప్పుడే సాయిలు వచ్చాడు. పొద్దున ఎదురు వచ్చి నవ్వినవాళ్లలో ముందున్నది అతనే. ఇప్పుడు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ, రాజేశం వైపు చూడలేక మొగులయ్య వైపు చూశాడు.

"బావా, గొప్పగొచ్చిన్రు. కని ఒక్క ముచ్చట. మా అన్న ఇల్లు ఎనక వాడల ఉన్నది. వాళ్లింటి ముంగట కారు ఆపలేదని మా వదిన అలిగి అన్నం ముట్టుకుంటలే. పిల్లను, పిలగాన్ని కూసోబెట్టి జెర గాడికి పోయి ఒక్కసారి... ఆగుతదా మీ కారు?"

మొగులయ్య తొందరపడలేదు. విస్తట్లోని బూరె తీరిగ్గా తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"మా సేటును అడుగుత," అన్నాడు.